ఇక్కడ జానెడు, అక్కడ పడవంత

గడియారాలు బాగుచేసే ఆయన్ని ఊరంతా గీతయ్య అంటుంది. అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటుందిగానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. ఏడాదిలో పదకొండు నెలలు ఆయన అందరిలాంటి మనిషే. బజారు మలుపులో అగ్గిపెట్టెంత కొట్టు, కుడికంటికి బిగించుకునే భూతద్దం, చీమకాలంత స్క్రూలు, వాటిలో ఒకటి కిందపడితే నేలంతా పాకి వెతికిపెట్టే భార్య. మిగిలిన ఆ ఒక్క నెలలో మాత్రం, వానలు వెనకబట్టి సరస్సు మీద గాలి కుదురుగా వీచే శరత్కాలంలో, తెరచాప పడవల పందేలు జరిగే మూడు ఆదివారాలూ గీతయ్య మాటకు ఎదురుండదు.

ఎందుకంటే గెలుపు గీత చూసేది ఆయనే. నేల మీదైతే సున్నంతో గీస్తారు. నీళ్ల మీద గీస్తే నిలుస్తుందా? అందుకని గట్టు అంచున, నీళ్లలోకి సాగే చెక్కబల్లల జెట్టీ మొదట్లో ఒక కర్ర, అక్కడికి పన్నెండు అంగల దూరంలో జెట్టీ చివర ఇంకో కర్ర పాతారు. వెనక కర్రకు ఆనుకుని గీతయ్య కుర్చీ. ఎడమకన్ను మూసి చూస్తే రెండు కర్రలూ ఒకటైపోతాయి. ఆ చూపు అలాగే నీళ్ల మీద సాగి, రెండు వందల అంగల దూరాన లంగరేసిన నారింజరంగు పీపాను దాటి, ఆవలి లంక మీదున్న తెల్లరాయి దగ్గర ఆగుతుంది. రెండు కర్రలు, పీపా, రాయి, నాలుగూ ఒక్క వరస. ఏ పడవ ముక్కు ముందుగా ఆ వరసను కోస్తే దానికే బూరా, దానికే కప్పు.

ఆ రాయికి ఒక పద్ధతుంది. ఏటా మొదటి పందేనికి ముందు గీత చూసేవాడే స్వయంగా తెడ్డేసుకుంటూ లంకకు వెళ్లి దానికి సున్నం కొట్టి రావాలి. గీతయ్యకు ముందు ఈ పని చేసిన ముసలాయన కుర్చీ అప్పగిస్తూ చెప్పింది ఆ ఒక్క ముక్కే. కర్రలు మనం పాతినవి, రాయి మనం పాతింది కాదు, అనుమానమొస్తే రాయినడుగు అన్నాడు. గీతయ్య పదిహేడేళ్లు క్రమం తప్పకుండా సున్నం కొట్టాడు. ఆ తర్వాత లంకను ముళ్లకంప కమ్మేసి రాయి కనబడకుండా పోయింది. కంప కొట్టించాలంటే నలుగురు మనుషులు కావాలి, మోకాళ్లు చూస్తే సహకరించవు, కొట్టు మూసుకోవాలి. రెండు కర్రలుండగా మూడోదెందుకులే అని వదిలేశాడు. మనిషన్నాక బద్ధకం ఉంటుంది. అది వచ్చేటప్పుడు మంచి మంచి కారణాలు వెంటబెట్టుకునే వస్తుంది.

ఆయనకో తమ్ముడున్నాడు. పడవలు చేసే వడ్రంగి. రెండు వీధుల అవతల, సరస్సు ఒడ్డునే, రేకుల షెడ్డు. తన చేత్తో చేసుకున్న ఆకుపచ్చ పడవ ఎక్కాడంటే గాలి కూడా ఆయన చెప్పినట్టు వినేది. అయినా పెద్ద కప్పు ఒక్కసారీ అందలేదు. ఎప్పుడూ రెండోవాడో మూడోవాడో.

తొమ్మిదేళ్ల కిందట, ఆఖరి ఆదివారం, అది అందబోయింది. ఒడ్డు వారగా ఆకుపచ్చ పడవ, అటు పీపా వారగా పళ్ల డాక్టరు తెల్ల పడవ, నువ్వా నేనా అన్నట్టు ఎడమ నుంచి వచ్చాయి. గట్టు మీద జనం ఊపిరి బిగబట్టారు. గీతయ్య చూపులో ముందు వరసను కోసింది డాక్టరు పడవ ముక్కు. బూరా ఊదేశాడు. తమ్ముడి పడవ అప్పటికింకా మూరెడు వెనకుంది. తమ్ముడేమో గెలిచాననుకుని ఒక చెయ్యి పైకెత్తి ఉన్నాడు. బూరా ఎవరికో తెలిశాక ఆ చెయ్యి మెల్లిగా కిందికి దిగింది.

ఊరు గీతయ్యను నెత్తిన పెట్టుకుంది. సొంత తమ్ముడని కూడా చూడలేదు, మనిషంటే అలా ఉండాలి అన్నారు. గీతయ్య పైకి ఏమీ ఎరగనట్టున్నాడుగానీ, నిజం చెప్పొద్దూ, ఆ పొగడ్త ఆయనకు తియ్యగానే ఉంది. గొలుసు తెగిన వాచీ పట్టుకొచ్చినవాళ్లకు కూడా, అడక్కపోయినా, ఆ కథ చెప్పి పంపాడు. అదే వారం తమ్ముడు అన్న గడప తొక్కడం మానేశాడు. పందెంలో దిగడమూ మానేశాడు. ఆకుపచ్చ పడవను ఈడ్చుకొచ్చి గట్టు పైన, గీతయ్య కుర్చీకి సరిగ్గా వెనక, బోర్లించేశాడు.

అక్కణ్ణించి ఏటా ఇదే వరస. పందేలకు తమ్ముడు తప్పకుండా వస్తాడు. బోర్లించిన పడవ పక్కన, ఒకే చోట, చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆఖరి పడవ దాటేదాకా కదలడు, పలకరించడు, వెళ్లిపోతాడు. వెనక్కి తిరక్కపోయినా గీతయ్యకు ఆ చూపు వీపులో గుచ్చుకునేది. ఓడితే ఓడాడు, ఈ వయసులో ఇంత ఉడుకుమోత్తనమా అని ఇంటికొచ్చి భార్య మీద విసుక్కునేవాడు. వదినా మరిదీ మాత్రం బజార్లో ఎదురైతే కుశలాలు అడుక్కునేవారు. మీ అన్నయ్య మీద ఇంకా కోపం పోలేదా అని ఆవిడ అడిగితే, కోపమేం లేదు వదినా అనేవాడు. కోపం ఉన్నవాళ్లంతా అనే మాటే కదా అని ఆవిడ ఇంటికొచ్చి చెప్పేది. గీతయ్య వినబడనట్టు భూతద్దం బిగించుకునేవాడు.

ఈ ఏడు మొదటి ఆదివారం పొద్దున్నే గీతయ్య, భార్య జెట్టీకి వెళ్లారు. ఆయన చేతిలో బూరా, ఆవిడ చేతిలో టీ ఫ్లాస్కు. పీపా వేసే మనిషి ఇంకా రాలేదు. గీతయ్య కుర్చీ మంచు తుడుచుకుని కూర్చున్నాడు, అలవాటుకొద్దీ ఎడమకన్ను మూశాడు. రెండు కర్రలూ ఒకటయ్యాయి. ఆ చూపు నీళ్ల మీదుగా సాగి లంక చేరింది.

లంక బోడిగా ఉంది. దీపపు స్తంభమేదో నిలబెట్టడానికి పనివాళ్లు కంపంతా నరికేశారు. నరికిన మోళ్ల మధ్య రాయి కూర్చుని ఉంది. పేరుకే తెల్లరాయి, పదకొండేళ్ల వానలకు సున్నం కరిగి మాసిన గోడలా ఉంది. కానీ ఆ రాయే. పదిహేడుసార్లు తన చేత్తో సున్నం కొట్టిన రాయిని గీతయ్య పోల్చుకోలేడా?

అది ఉండాల్సిన చోట లేదు. కర్రలు చూపిస్తున్న చోటికి బాగా కుడిపక్కన ఉంది.

గీతయ్య కన్ను తెరిచాడు. కళ్లజోడు తీసి చొక్కాకు తుడిచాడు. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ అంతే. కుర్చీ ముందుకు లాగాడు, వెనక్కి జరిపాడు, లేచి నిలబడి చూశాడు, వంగి చూశాడు. రాయి అక్కడే ఉంది. బూరా చేతిలోంచి జారి జెట్టీ బల్లల మీద దొర్లింది.

"రాయి కదిలింది" అన్నాడు.

భార్య ఫ్లాస్కు కింద పెట్టి లంక వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "ఇంత రాయి ఎలా కదులుతుందండీ?" అంది.

అడగాల్సిన ప్రశ్న అదే. గీతయ్యకు జవాబు అప్పటికే తెలుసు, తెలిసే అలా అన్నాడు. రాళ్లు కదలవు. కర్రలు కదులుతాయి. ఇంతకాలం తాను కన్ను మూసి నమ్మింది కర్రల్ని. ఏటా పీపా వేయించింది కూడా ఆ కర్రల్ని చూసే. తప్పు తప్పునే చూసి తలూపింది.

జేబులో ఎప్పుడూ ఉండే దారపు ఉండ తీశాడు. రెండుసార్లు ముడి జారింది. ఒక కొస వెనక కర్రకు కట్టి, రెండో కొస భార్యకిచ్చి జెట్టీ చివరికి వెళ్లమన్నాడు. తాను కూర్చుని, దారం రాయి మీదికి వచ్చేదాకా ఆవిణ్ణి కుడివైపు జరగమన్నాడు. ఆవిడ జరిగింది. ఇంకా అన్నాడు. ఇంకాస్త జరిగింది. చాలన్నాడు. దారానికీ ముందు కర్రకూ మధ్య ఆవిడ చెయ్యి పెట్టి కొలిచింది. జానెడు.

ఇక్కడ జానెడంటే అక్కడ, పీపా దగ్గర, పడవంత. గీతయ్యకు లెక్క వేయాల్సిన పని లేదు, కళ్లముందే పడవలు కనబడ్డాయి. పీపా వారగా తెల్లది. ఒడ్డు వారగా ఆకుపచ్చది. వంకర గీత ఒడ్డు దగ్గర జానెడే వంగింది, పీపా దగ్గర పడవంత ముందుకొచ్చి డాక్టరుకు ఎదురెళ్లింది. గీత తిన్నగా ఉండుంటే తమ్ముడు సగం పడవ తేడాతో గెలిచేవాడు. ఆ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండేది.

"ఏమండీ" అంది భార్య, వంగి బల్లను తడుముతూ. "ఇక్కడో మేకుంది. దారం సరిగ్గా దీని మీదికే వచ్చింది."

గీతయ్య వెళ్లి చూశాడు. వెడల్పు తల ఉన్న రాగి మేకు. పాదాల రాపిడికి మెరుగు తేలి ఉంది. ముందు కర్ర అసలు ఎక్కడుండాలో అక్కడే, వెంట్రుకవాసి తేడా లేకుండా, ఎవరో కొలిచి కొట్టారు. ఊళ్లో రాగి మేకులు వాడేది పడవలు చేసేవాడొక్కడే.

రాయి చూసినప్పుడు పోయింది తన పరువే అనుకున్నాడు. ఇప్పుడు ఇంకేదో పోతోందని తెలుస్తోంది, అదేమిటో తెలియడం లేదు. దానితోపాటు ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ పందేనికి ముందు ఎండాకాలంలో జెట్టీ బాగుచేసింది తమ్ముడే. ముందు కర్ర కొత్తగా పాతి, చెమటలు కక్కుతూ కొట్టు దగ్గరికొచ్చి, అన్నయ్యా, ఓసారి వచ్చి చూసుకో అన్నాడు. గీతయ్య కంటికి భూతద్దం ఉంది, ముందు ఎవరిదో వాచీ పొట్ట విప్పి ఉంది. తలెత్తకుండానే, నువ్వు పాతావుగా చాలు అన్నాడు.

దారపు ఉండ చేత్తో పట్టుకుని తమ్ముడి షెడ్డుకు ఎలా నడిచాడో ఆయనకే తెలియదు. తమ్ముడు పలకకు చిత్రిక పడుతున్నాడు. పొట్టు కాళ్ల చుట్టూ చుట్టలు చుట్టుకుని ఉంది. గీతయ్య గుమ్మంలో నిలబడ్డాడు. తొమ్మిదేళ్ల తర్వాత నోట్లోంచి వచ్చిన మొదటి మాట పలకరింపు కాదు.

"నీకెప్పుడు తెలిసింది?"

తమ్ముడు చిత్రిక ఆపాడు. అన్న మొహం చూశాడు, చేతిలో దారం చూశాడు. "కంప కొట్టేశారని నిన్న విన్నాను. నువ్వొస్తావనుకున్నా" అన్నాడు. "పందెం మర్నాడే తెలిసింది అన్నయ్యా."

మర్నాడు జెట్టీకి వెళ్లాడట. ఓడినందుకు కాదు, ఎలా ఓడానో అర్థంకాక వెళ్లాడట. తాను పాతిన కర్ర పక్కన నిలబడగానే గుర్తొచ్చిందట. పాత కర్ర ఉన్నచోట దూలం పగుళ్లు బారి ఉంటే, గట్టిచెక్క చూసుకుని జానెడు ఎడమకు జరిపాడు. అప్పుడది పెద్ద విషయంగా తోచలేదు, అన్నయ్య వచ్చి చూసుకుంటాడుగా అనుకున్నాడు. ఆ పూటే పాత చోట మేకు కొట్టాడు.

"మరి చెప్పలేదేంరా?"

"ఏమని చెప్పను? కర్ర పాతింది నేను, పందెం ఓడింది నేను. ఆడలేక మద్దెల ఓడన్నాడని నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు, పడేవాణ్ణి. కానీ ఎవరైనా నమ్మితే? గీతయ్య గీతే వంకర అంటారు. ఆ మాట పడి నువ్వు బతకలేవు."

గీతయ్య ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చోబోయి, పొట్టులో కూర్చున్నాడు.

"నువ్వు అలిగావనుకున్నాను" అన్నాడు చివరికి.

"అనుకోనీ అనుకున్నా. ఇంటికొస్తే ఏదో ఒకరోజు కక్కేస్తానని రాలేదు. నా నోటి సంగతి నీకు తెలుసుగా."

అప్పుడు గీతయ్యకు కోపం వచ్చింది. తప్పు దొరికిపోయిన మనిషికి వచ్చే కోపం, దానికి ముందూవెనకా ఉండవు. నీదొక్కటే కాదు, మిగతావాళ్ల పందేల మాటేమిటని నిలదీశాడు. తొమ్మిదేళ్లు కంచే చేను మేస్తుంటే చూస్తూ ఊరుకున్నావా అన్నాడు. తమ్ముడు అంతా విని, చేతికంటిన పొట్టు దులుపుకున్నాడు.

"ఏటా నీ వెనక ఎందుకు నిలబడ్డాననుకున్నావ్? ఆ పడవ పక్కనుంచి చూస్తే వెనక కర్రా, మేకూ ఒక వరసలో పడతాయి. ప్రతి పందెం చూశాను. ఒక్కటి తప్పుపోయినా ఆ నిమిషమే చెప్పేసేవాణ్ణి. పోలేదు. అన్నీ రెండేసి పడవల తేడాతో తేలాయి. తప్పుపోయింది నాదొక్కటే."

వీపులో గుచ్చుకున్న చూపు అది. ఉడుకుమోత్తనమని భార్యతో విసుక్కున్నది దాని గురించి. గీతయ్యకు ఎవరో చెంప మీద కొట్టినట్టయింది.

"మరి కర్ర సరిచేసేయొచ్చుగా, నేను లేనప్పుడు?"

"రెండుసార్లు సుత్తి పట్టుకుని వెళ్లా. నీ గీత నీకు చెప్పకుండా ముట్టుకోవడానికి చేతులు రాలేదు."

"పందెంలోనన్నా దిగొచ్చుగా?"

తమ్ముడు చిత్రికను బల్ల మీద పెట్టాడు. "గీత ఎటు వంగిందో తెలిసినవాడు పందెంలో దిగితే, వాణ్ణేమంటారు అన్నయ్యా?"

నిప్పులాంటి మనిషి అని ఊరు తన గురించి అంటే గీతయ్య తొమ్మిదేళ్లుగా ఔననుకుంటూ వచ్చాడు. ఆ నిప్పు రెండు వీధుల అవతల రేకుల షెడ్డులో ఉందని ఊరికీ తెలియదు, తనకీ తెలియదు.

తమ్ముడు అప్పటికే పనిముట్ల సంచి సర్దుతున్నాడు. పడవలు రావడానికి ఇంకా గంటుంది, దూలానికి ఇనపపట్టీ వేసి కర్రను పాత చోటికి మార్చేద్దాం, ఎవరికీ తెలియదు అన్నాడు. ఒక్క నిమిషం, ఇక్కడ అబద్ధమాడి లాభం లేదు, గీతయ్యకు ఆశ పుట్టింది. ఎవరికీ తెలియదు అనే మాట అంత తియ్యగా ఆయనకు ఎప్పుడూ వినబడలేదు. మోకాలి మీద చెయ్యి వేసి లేచాడు. ప్యాంటుకంటిన పొట్టు దులుపుకోలేదు.

"పద. కానీ అందరూ వచ్చాకే మారుద్దాం" అన్నాడు.

తొమ్మిదిన్నరకల్లా జెట్టీ పక్కన పద్దెనిమిది తెరచాపలు లేచాయి. గట్టంతా జనం. గీతయ్య కుర్చీ ఎక్కి నిలబడి బూరా ఒకసారి ఊదాడు. గోల ఆగింది. ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు, ఇవ్వడం రాదు కూడా. రాయిని చూపించాడు, దారాన్ని చూపించాడు. తొమ్మిదేళ్ల కిందటి కప్పు మా తమ్ముడిది, కర్ర చూసుకోమని వాడు పిలిస్తే నేను వెళ్లలేదు, రాయికి సున్నం కొట్టడం మానేసింది నేను, వాడికి ముందే తెలిసినా నా కోసం నోరు కట్టుకున్నాడు అని చెప్పాడు.

తాళ్లు కొయ్యలకు తగిలే చప్పుడు ఒక్కటే వినబడింది. జీవితమంతా జనం చేత నోళ్లు తెరిపించిన పళ్ల డాక్టరు ఆ పూట తానే నోరు తెరిచి ఉండిపోయాడు. తేరుకున్నాక పడవ దిగి వచ్చి, కప్పు ఈ సాయంత్రమే తెచ్చిస్తాను, దాంట్లో పెన్నులు పెట్టుకుంటున్నాను, తీసేసి కడిగి తెస్తాను అన్నాడు. ఉంచండి డాక్టరుగారూ, పెన్నులు మళ్లీ ఎక్కడ పెడతారు అన్నాడు తమ్ముడు. ఎవరో ఒకరు నవ్వారు, దాంతో అందరికీ ఊపిరి ఆడింది. గట్టు మీదున్న ముసలాయనొకడు మా పందెం సంగతేమిటని అడిగితే, తమ్ముడు ఏ ఏడు ఎవరు ఎంత తేడాతో గెలిచారో వరసగా అప్పజెప్పాడు. అడిగినవాడు మళ్లీ అడగలేదు.

తర్వాత తమ్ముడు జెట్టీ చివర మోకాళ్ల మీద కూర్చుని పట్టీ బిగించాడు. రాగి మేకు పీకి జేబులో వేసుకున్నాడు. ఆ చోటే కొత్తగా తొలిచి కర్ర దింపాడు. దింపి, దాన్ని రెండు చేతులతో నిలబెట్టి పట్టుకుని, తలెత్తి పిలిచాడు.

"అన్నయ్యా, ఓసారి వచ్చి చూసుకో."

గీతయ్య వెళ్లి కుర్చీలో కూర్చుని ఎడమకన్ను మూశాడు. నలభై ఏళ్లు చీమకాలంత స్క్రూలు చూసిన కుడికంటికి రెండు కర్రలు నాలుగయ్యాయి, రాయి కరిగిపోయింది, లంక ఎటుందో తెలియలేదు.

"ఎడమకా, కుడికా?" అన్నాడు తమ్ముడు.

"ఉండరా" అన్నాడు గీతయ్య. "కనబడ్డంలేదు."

భార్య రుమాలు అందించింది. ఆయన తుడుచుకుని చూశాడు, మళ్లీ తుడుచుకున్నాడు. తమ్ముడు కర్ర వదలకుండా అలాగే కూర్చుని ఉన్నాడు. గడియారాలు బాగుచేసే మనిషి గీత చూసే పందెం ఆ రోజు ముప్పావుగంట ఆలస్యంగా మొదలైంది, ఎందుకని ఎవరూ అడగలేదు.